పాలోళ్ళింటి కుక్కకు ఆకు మందు

లాక్‌డౌన్ రోజుల్లో మా ఛత్రినాక వీధిలో పొద్దున పూట తిరిగేది పోలీసులూ పాలవాళ్లూ మాత్రమే. మా అత్త క్యాన్ పట్టుకుని, నడవలేని ముసలివాళ్ల ఇళ్లకు పాలు పోసి వచ్చేది. ఒకరోజు ఆమె వెనకాలే ఒక కుక్కపిల్ల వచ్చింది. హోటళ్లు మూతపడి చెత్తకుండీలో కూడా మెతుకు దొరకని కాలం అది. పిల్ల చర్మం ఎముకలకు అంటుకుపోయి ఉంది.

"ఇంటి దాంక రానిచ్చినవ్, ఇగ అది పోదు" అన్నాడు మా ఆయన.

"పోతె పోతది, ఉంటె ఉంటది. నీకేంది లొల్లి" అని అత్త చిప్పలో పాలు పోసింది.

అది ఉండిపోయింది. మా ఇంటి ముందు భాగం పాల కౌంటర్, వెనక భాగం బర్రెల కొట్టం. ఏడాది తిరిగేసరికి ఆ రెండిటి మధ్య సందు దాని రాజ్యమైపోయింది. దూడ కట్టు తెంపుకుని రోడ్డెక్కితే వెళ్లి అడ్డం నిలబడేది. కొత్తవాడు కొట్టంలో కాలు పెడితే మొరిగేది కాదు, వెళ్లి వాడి ఎదురుగా కూర్చునేది, వాడే వెనక్కి తిరిగేవాడు. పాలకొచ్చే పిల్లలు దాని చెవులు లాగినా ఊరుకునేది. మా అత్త ఎవరినీ ముద్దు చేసే మనిషి కాదు. నన్ను కోడలిగా తెచ్చుకుని ఇన్నేళ్లయినా నా వంట బాగుందని నోటితో అనలేదు. ఆ కుక్కను మాత్రం "వాడు" అనేది. వాడు తిన్నాడా, వాడెక్కడ, వాడికి చలేస్తుందేమో.

మొదటిసారి దానికి మూర్ఛ వచ్చినప్పుడు మధ్యాహ్నం బర్రెలను కడుగుతున్నాం. కుక్క నీళ్ల తొట్టి పక్కన పడుకుని ఉంది. ఉన్నట్టుండి కాళ్లు కొయ్యబారిపోయాయి. మెడ వెనక్కి విరుచుకుంది. దవడలు టకటక కొట్టుకుంటూ నోటి వెంట నురగ వచ్చింది. పాము కరిచిందనుకుని మా ఆయన పైపు పారేసి గడ్డి కుప్ప చుట్టూ వెతికాడు. అత్త దిష్టి తీయడానికి నిమ్మకాయ తెచ్చింది. నేను ఏం చేయాలో తెలియక దాని తల కింద నా కొంగు మడిచి పెట్టాను. కాసేపటికి అది లేచి గోడలకు కొట్టుకుంటూ నడిచింది. మా ముగ్గురినీ గుర్తుపట్టలేదు. అత్త పిలిస్తే గుర్రుమంది. అదే అత్తకు అన్నిటికంటే బాధ.

జహనుమా వెళ్లే దారిలో జంతువుల దవాఖానా నడిపే డాక్టరమ్మ దగ్గరికి పాల ఆటోలో తీసుకుపోయాం. ఆమె రక్తం పరీక్ష చేయించింది, మూర్ఛ జబ్బేనని చెప్పి మాత్రలు రాసింది. కొన్ని నెలలు బాగానే గడిచింది. తర్వాత మూర్ఛలు తిరిగి వచ్చాయి. మోతాదు పెంచితే కుక్క తూలడం మొదలుపెట్టింది. వెనక కాళ్లు దాని మాట వినేవి కావు. రోజంతా నిద్ర. దూడ దాని మీదుగా దాటి పోయినా కళ్లు తెరిచేది కాదు. ఇంకో మాత్ర చేర్చాం. మూర్ఛలు ఆగలేదు, నిద్ర మాత్రం పెరిగింది.

అప్పుడు డాక్టరమ్మ ఒక రోజు కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది.

"ఇంకొకటి ఉంది. సీబీడీ ఆయిల్ అంటరు. గంజాయి జాతి మొక్కే, కాని మత్తెక్కించే గుణం ఇందుల ఉండదు అన్నంత తక్కువ. కొన్ని కుక్కలకు ఫిట్స్ తగ్గుతయ్, కొన్నిటికి తగ్గయ్. గ్యారంటీ నేనియ్యలేను. మాత్రలు ఆపొద్దు, వాటికి తోడుగ ఇయ్యాలె. మధ్యమధ్యల లివర్ టెస్ట్ చేయాలె."

"ఏడ దొరుకుతది మేడం?" అన్నాను.

"అదే పరేషాన్. కొన్ని రాష్ట్రాల్ల షాపుల్లనే పెడుతరు. ఉత్తరాఖండ్ దిక్కు ఆ పంటే వేస్తరు. మన దగ్గర గంజాయి మీద మస్తు గట్టిగున్నరు. అది మంచిదే, కాని మెడికల్ షాపోళ్లు ఈ సీసను కూడ ముట్టుకోరు. నేను చీటీ రాసిస్త. కంపెనీకి పంపి ఆన్‌లైన్ల తెప్పించుకోండి."

ఇంటికొచ్చి చెప్పగానే అత్త గంప కింద పెట్టింది.

"గంజాయా. మా ఇంట్లనా. మీ మామ చచ్చేదాంక బీడీ కూడ ముట్టలే."

"గంజాయి కాదత్తమ్మా, ఆకు నుంచి తీసిన నూనె."

"ఏ చెట్టు ఆకు?"

ఆమె గంప ఎత్తుకుని కొట్టంలోకి పోయింది. ఆ మాట అంతటితో ఆగింది. మా ఆయన తల్లి మాట దాటడు, నేను దాటినా ఆ ఇంట్లో గెలవలేను.

వారం గడిచిందో లేదో, అత్త సాయంత్రం మెట్ల మీద కూర్చుని కుక్కకు రొట్టె ముక్కలు పెడుతోంది. రొట్టె దాని నోట్లో ఉండగానే మూర్ఛ వచ్చింది. దాని కాళ్లు ఆమె ఒడిలో కొట్టుకున్నాయి. చీరంతా తడిసిపోయింది. ఒక మూర్ఛ ఆగి, అది లేవకముందే ఇంకొకటి వచ్చింది. ఇలాంటప్పటికని డాక్టరమ్మ ముందే ఇచ్చిన మందు పెడితే గానీ ఆగలేదు. అత్త కదలకుండా, ఆ తలను రెండు చేతుల్లో పెట్టుకుని, అది మళ్లీ కళ్లు తెరిచి తన చేయి వాసన చూసేదాకా కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది.

"ఏ చెట్టయితె ఏంది. మందంటె మందే. తెప్పియ్యి."

కంపెనీ వాళ్లు డాక్టరమ్మ చీటీ చూసి, ఫోన్ చేసి కుక్క బరువు అడిగి, సీసా పంపించారు. నేను ఫోన్లో పార్సల్ ఎక్కడిదాకా వచ్చిందో పొద్దునా సాయంత్రం చూసుకునేదాన్ని. హైదరాబాద్ వచ్చింది. మా వైపు కొరియర్ ఆఫీసుకు చేరింది. అక్కడ ఆగిపోయింది. వెళ్లి అడిగితే మేనేజర్ నా ముఖం వైపు చూడకుండా మాట్లాడాడు.

"అక్కా, డబ్బ మీద హెంప్, అంటె గంజాయి చెట్టని రాసుంది. గసొంటియి మన రాష్ట్రంల ఇయ్యొద్దని మాకు పైనుంచి చెప్పిండ్రు. ఆబ్కారీ వాళ్లకు ఖబర్ చేసినం. వాళ్లొచ్చి తీస్కపోయిండ్రు."

"అది కుక్క మందన్నా."

"కుక్కదో మనిషిదో నాకెట్ల తెలుస్తదక్కా. నా నౌకరీ నేను చూసుకోవాలె కద."

ఆబ్కారీ అంటే మా పాతబస్తీలో ఎక్సైజ్ శాఖ. అప్పుడు ఆ కొరియర్ ఆఫీసు గదిలో పార్సల్ కోసం వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో మా దగ్గర పాలు పోయించుకునే ఇల్లాలు కూడా ఒకామె ఉంది. నేను ఇల్లు చేరేలోపే మాట ఇల్లు చేరింది. పాలోళ్లకు గంజాయి పార్సల్ వచ్చిందట. ఆబ్కారీ వాళ్లు పట్టుకున్నారట. మర్నాడు పొద్దున కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఉండే వరస పలచబడింది. పిల్లలను పంపేవాళ్లు పెద్దవాళ్లను పంపారు. ఒకాయన క్యాన్‌లోకి తొంగిచూసి, "పాలు బాగానే ఉన్నయ్ కద" అని నవ్వాడు. ఆ నవ్వు అత్త చూసింది.

"ఇన్నేండ్ల సంది నా పాలల్ల నీళ్లు కలుస్తయని ఒక్కడు అనలే" అంది ఆమె, ఆయన వెళ్లాక. "ఇయ్యాల గంజాయంటరా."

అదే వారంలో ఇంకో విచిత్రం జరిగింది. పొరుగు బస్తీలో పనీపాటా లేకుండా తిరిగే ఒకతను కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి నాతో అన్నాడు: "గింత తిప్పలెందుకు వదినా. అసలు మాలే తెచ్చిస్త. పాలల్ల ఉడకబెట్టి కుక్కకు పొయ్యి, మంచిగ పండుకుంటది."

నాకు ఒళ్లు మండింది. అసలు గంజాయి కుక్కలకు విషమని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. చీటీ ఉన్న మందు ఆఫీసు బీరువాలో ఉంది, నేరమైన సరుకు గుమ్మం దాకా నడిచి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అత్త పేడ పార చేతిలో పట్టుకుని సందులోంచి బయటికి వచ్చింది. అతను తర్వాత మా వీధిలో కనపడలేదు.

ఆ సాయంత్రమే అత్త చెప్పులేసుకుంది. "వకీల్ సాబ్ దగ్గరికి పోదాం పా" అంది.

జహనుమాలో ఉండే ఆ వకీల్ సాబ్ మా మామ కాలం నుంచి మా పెరుగు తినే మనిషి. నయాపూల్ దగ్గర కోర్టుల్లో జీవితమంతా తిరిగి, మోకాళ్లు పట్టేశాక ఇంట్లో కూర్చున్నాడు. మేం వెళ్లేసరికి వరండాలో పిల్లికి కీమా పెడుతున్నాడు. మా మాట పూర్తిగా విన్నాడు, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని చెప్పాడు.

"ఫికర్ నక్కో అమ్మా. సునో. చట్టం దృష్టిల గంజాయి అంటె పువ్వు. పూత, కాయ ఉన్న కొసలు. వాటి నుంచి వేరు చేసిన ఆకునీ గింజనీ కేంద్రం చట్టం గంజాయి అనదు. ఆకు మీద పెత్తనం రాష్ట్రాలది. ఒక రాష్ట్రం పెంచుకో అంటది, ఇంకో రాష్ట్రం దూరం ఉండు అంటది. నడిమిట్ల మీ కుక్క చిక్కింది."

"మరి మాది తప్పా, ఒప్పా?" అంది అత్త.

"మీ సీస ఆకు నుంచి తీసింది. ఆయుర్వేద మందుగ లైసెన్స్ మీద తయారైంది. డాక్టర్ చీటీ ఉంది. తప్పేముంది?"

"అయితె మీరొచ్చి గదే చెప్పుండ్రి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేనొస్తె కేసు అయితది. మీరు పోతె మాట అయితది. మాటతోని అయ్యేదానికి కేసెందుకు?" అని నా వైపు తిరిగాడు. "బేటీ, నువ్వు చదువుకున్నవ్ కద?"

"ఇంటర్ దాంక, సాబ్."

"బస్. కూర్చో."

రెండు సాయంత్రాలు ఆయన నాకు చెప్పాడు, నేను తిరిగి ఆయనకు చెప్పాను. ఆఫీసర్ ఏమడుగుతాడో ఆయనే ఆఫీసర్‌లా గొంతు మార్చి అడిగేవాడు. నేను తడబడితే మళ్లీ మొదటి నుంచి. పదవ తరగతి పరీక్షకు కూడా నేను అంత శ్రద్ధగా కూర్చోలేదు. బర్రెలకు గడ్డి వేస్తూ కూడా పెదవులు కదిలించుకునేదాన్ని. మా ఆయన చూసి, "దూడలకు లా పాఠం చెప్తున్నవా" అని ఏడిపించాడు. కానీ పొద్దున పాల పని మొత్తం తనే మీద వేసుకున్నాడు, నన్ను చదువుకోనిచ్చాడు.

ఎక్సైజ్ ఆఫీసుకు నేనూ అత్తా బస్సులో వెళ్లాం. అత్త పెళ్లిళ్లకు కట్టే జరీ చీర కట్టుకుంది. ఎందుకని అడిగితే, "దొంగలం పోతున్నట్టు పోతమా" అంది. ఆఫీసర్ నడివయసు మనిషి, ముఖంలో అలసట తప్ప కోపం లేదు. బల్ల మీద మా పార్సల్ ఉంది. విప్పి ఉంది. లోపలి సీసా మూత మాత్రం తీయలేదు. అంత చిన్న సీసా. మా ఇంట్లో వంటకు వాడే ఏలకుల డబ్బా దానికంటే పెద్దది.

"కూర్చోండమ్మా" అన్నాడు ఆయన. "మీ మీద నాకేం పగ లేదు. కాని గంజాయి మాట వింటె మేం ఊరుకునేటట్టు లేదు. పైనుంచి మస్తు గట్టిగున్నరు."

నేను మొదలుపెట్టాను. పువ్వు సంగతి, ఆకు సంగతి చెప్పాను. కంపెనీ లైసెన్స్, డబ్బాతో పాటు వచ్చిన పరీక్ష కాగితం, డాక్టరమ్మ చీటీ చూపించాను. మొదటి మాటలు వణికాయి. తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, నిదానంగా, గట్టిగా. ఆయన వింటూ కాగితాలు తిప్పాడు. చివరికి పెన్ను బల్ల మీద పెట్టి అన్నాడు.

"అంత మంచిగనే ఉందమ్మా. కాని ఆయుర్వేదం మనుషులకు. కుక్కకు ఆయుర్వేదమేంది? గిదొక్కటి నాకు సమజైతలేదు."

వకీల్ సాబ్ ఈ ప్రశ్న వస్తుందని ముందే అన్నాడు. ఆయనే అడిగి, ఆయనే నాతో జవాబు పలికించాడు.

"సార్, మందుల చట్టంలనే ఉంది. ఆయుర్వేద మందంటె ఏందో చెప్పే కాడ, మనుషుల రోగానికి గాని జంతువుల రోగానికి గాని అని ఉంది. మీ దగ్గర పుస్తకం ఉంటె చూడుండ్రి."

ఆయన నన్నొకసారి చూశాడు. పక్క గదిలోంచి లావుపాటి పుస్తకం తెప్పించి, వేలు పెట్టి వెతికాడు. చదివాడు. మళ్లీ చదివాడు. తల ఊపాడు.

నాకు ఆ కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది.

"మరి మత్తు ఉండదని నమ్మేదెట్ల?" అని ఆయన ఇంకొకటి అడిగాడు, ఈసారి మెత్తగా.

అత్త ముందుకు వంగింది. "ఆ సీస ఇటియ్యి సారూ. సగం నేను తాగుత. పొద్దుమూకే దాంక నీ ముంగటనే కూసుంట. తూలితె జైల్ల పెట్టు. తూలకపోతె నా కుక్క మందు నాకియ్యి."

ఆఫీసర్ నవ్వాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ జవాను కూడా ముఖం తిప్పుకుని నవ్వాడు. "వద్దు పెద్దమ్మా, మీ మందు మీ కుక్కకే ఉండనియ్యి" అని ఆయన ఫోన్ తీసి పై అధికారితో మాట్లాడాడు. మందుల శాఖకు ఒక మాట రాసి పంపుతానని, వాళ్లు ఔనంటే మర్నాడే ఇచ్చేస్తానని మాతో చెప్పాడు. అత్త లేవలేదు.

"ఇంకొకటుంది సారూ. పార్సల్ పట్టుకున్నరని బస్తీ అంత తెలిసింది. ఇచ్చిండ్రని ఎవరికి తెలుస్తది?"

"నేనేం చేయాల్నమ్మా?"

"నీకు పుణ్యముంటది. జర మా గల్లీకొచ్చి ఇయ్యి."

ఆయన ఔననలేదు, కాదనలేదు. మేం ఇంటికొచ్చేశాం.

ఎదురుచూసిన రోజుల్లో కుక్కకు మళ్లీ మూర్ఛ వచ్చింది. ఆఫీసు నుంచి ఎప్పుడు పిలుస్తారోనని నేను ఫోన్‌ను నడుముకే కట్టుకుని తిరిగాను. మోగలేదు. ఒక పొద్దున పాలు పోసే వేళకు మా కౌంటర్ ముందు జీపు ఆగింది.

వరసలో ఉన్నవాళ్లు పక్కకు జరిగారు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. మా ఆయన చేతిలో లీటరు కొలపాత్ర అలాగే గాల్లో ఉండిపోయింది. ఆఫీసర్ దిగాడు. చేతిలో మా డబ్బా ఉంది. కౌంటర్ దగ్గరికి వచ్చి అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"పెద్దమ్మా, మీ కుక్క మందు. అన్ని చూసినం. తప్పేం లేదు. డాక్టర్ చెప్పినట్టు వాడుండ్రి."

అత్త రెండు చేతులా డబ్బా అందుకుంది. ఆ ముఖం నేను పెళ్లినాటి నుంచి చూస్తున్నాను, అంత వెలుగు దాని మీద ఎప్పుడూ చూడలేదు. "సార్‌కు ఒక గిలాస వేడి పాలు తీస్కరా బిడ్డా" అంది నాతో. ఆయన నిలబడే తాగాడు. గ్లాసు కౌంటర్ మీద పెట్టి, "చక్కగున్నయ్" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు. క్యాన్‌లోకి తొంగిచూసి నవ్విన పెద్దమనిషి కూడా ఆ వరసలోనే ఉన్నాడు. అత్త ఆయన గిన్నె తీసుకుని ఎప్పటిలాగే కొసరు కూడా పోసింది.

మందు వెంటనే పని చేయలేదు. ఈ మాట చెప్పాలి. డాక్టరమ్మ చెప్పినట్టు తిండితో పాటు, బర్రె మీగడలో చుక్కలు కలిపి పెట్టేవాళ్లం. మీగడంటే కుక్క ప్రాణం ఇచ్చేది కాబట్టి పెట్టడం కష్టం కాలేదు. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు. ఒకసారి కడుపు పాడైంది. డాక్టరమ్మ మోతాదు తగ్గించి, మళ్లీ నిదానంగా పెంచింది. తర్వాత ఒక వారం మూర్ఛ రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. మేం ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడితే పోతుందేమోనని భయం. అత్త మాత్రం పొద్దున లేవగానే కుక్క పడుకున్న గోనెసంచి దగ్గరికి వెళ్లి చూసి వచ్చేది.

ఒక సాయంత్రం దూడ కట్టు తెంపుకుంది. నేను కేక వేసేలోపే గోనె మీదున్న కుక్క లేచింది. తూలలేదు. సందులోంచి పరిగెత్తి రోడ్డు మొదట్లో దూడకు అడ్డం నిలబడింది. మా ఆయన తాడు పట్టుకుని వెనకాల పోయి, దూడను కాదు, కుక్కను ముందు నిమిరాడు.

మూర్ఛలు పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ ఒకటి వస్తుంది, చిన్నగా వచ్చి పోతుంది. లేచాక మమ్మల్ని గుర్తుపడుతుంది. లివర్ పరీక్ష బాగుంది. డాక్టరమ్మ పాత మాత్రల మోతాదు కొంచెం తగ్గించగలిగింది. ఆ రోజు ఆమె చీటీ రాస్తూ, "చాలమందికి చెప్పిన ఈ మందు. పార్సల్ ఆగితె అందరు వదిలేస్తరు. మీ తీరు ఆఫీసు దాంక పోయినోళ్లు లేరు" అంది. నేను నవ్వి ఊరుకోలేదు. "ఇంకెవరిదన్న ఆగితె నా దగ్గరికి పంపుండ్రి మేడం" అన్నాను.

నిజంగానే పంపింది. ముందు ఫలక్‌నుమా వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు, వాళ్ల కుక్కకు తుంటి నొప్పులు. తర్వాత స్కూటీ మీద ఒక కాలేజీ అమ్మాయి. బుర్ఖా వేసుకున్న ఒక తల్లి, కళ్లు కనపడని తమ కుక్కకు మూర్ఛలని చెప్పి ఏడ్చింది. కౌంటర్ పక్కన బల్ల వేసి కూర్చోబెట్టి చెప్పేదాన్ని. కంపెనీ లైసెన్స్ ఎలా చూడాలి, డాక్టర్ చీటీ లేకుండా ఎందుకు కొనకూడదు, పువ్వుకూ ఆకుకూ తేడా ఏమిటి, కుక్కకు ఆయుర్వేదమేంది అని ఆఫీసర్ అడిగితే ఏం చెప్పాలి. వకీల్ సాబ్ నాతో చేయించినట్టే నేను వాళ్లతో చెప్పించేదాన్ని. అత్త పక్కన పాలు పోస్తూ, ఎవరైనా తడబడితే అందించేది. ఆమెకూ కంఠతా వచ్చేసింది. కొరియర్ మేనేజర్ కూడా ఒకరోజు పాలకు వచ్చి, "అక్కా, గసొంటి డబ్బ వస్తె ఇప్పుడు ముందుగాల చీటీ ఉందా అని ఫోన్ చేసి అడుగుతున్నం" అన్నాడు. రాష్ట్రం నియమాలు మారలేదు. మెడికల్ షాపులో ఆ సీసా ఇప్పటికీ దొరకదు. కానీ మా వైపు ఒక దారి ఏర్పడింది, దాని మీద మనుషులు నడుస్తున్నారు.

ఆ ఏడు దీపావళి తర్వాత, దున్నలను ఊరేగించే సదర్ వచ్చింది. మా పాలవాళ్లకు అంతకంటే పెద్ద పండుగ లేదు. మా దున్నను కడిగి, నూనె రాసి నిగనిగలాడించి, కొమ్ములకు రంగులేసి, మెడలో పూలదండలూ గవ్వల పట్టీలూ కట్టాం. డప్పులవాళ్లు వీధి మొదట్లో తీన్‌మార్ అందుకున్నారు. కుక్కను కొట్టంలో ఉంచి తలుపు వేయాలనుకున్నాం. పటాకుల దగ్గరికి వద్దని డాక్టరమ్మ చెప్పింది. అత్త ఒప్పుకోలేదు. "గల్లీ మూల దాంక రానీ. పటాకులు కాల్చే కాడికి పోకముందే తీస్కొస్త" అంది. ఎవరి దండలోంచో బంతిపూలు తెంపి, దారానికి గుచ్చి దాని మెడలో వేసింది.

దున్న ముందు కుక్క నడిచింది. తోక పైకెత్తి, వీధంతా తనదే అన్నట్టు. మేడల మీద నుంచి జనం చూస్తున్నారు. ఎవరో, "అగో, ఆబ్కారీ కుక్క" అన్నారు. నవ్వులు వినిపించాయి. అత్త కూడా నవ్వింది. గల్లీ మధ్యకు వచ్చేసరికి కుక్క ఉన్నట్టుండి ఆగి కూలబడ్డట్టు కూర్చుంది. నేను కొంగు మడుస్తూ ముందుకు ఉరికాను. మా ఆయన దున్న పగ్గం బిగబట్టాడు. డప్పులు ఆగాయి.

కుక్క వెనక కాలు ఎత్తి, మెడ మీద బంతిపూలు దురదపెడుతున్న చోట తీరిగ్గా గోక్కోవడం మొదలుపెట్టింది.

అంత పెద్ద దున్న, వెనకాల అంత ఊరేగింపు, నిలబడిపోయాయి. డప్పులవాడు అత్త వైపు చూశాడు.

"ఆగుండ్రి" అంది అత్త, నడుం మీద చేతులేసుకుని. "వాడు లేస్తె పోదాం."